కిరసనాయిలు డబ్బా – ధమ్మ దాయాదులు





మన పల్లెల్లో కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ ఒక వస్తువు కనపడుతుంది. నలుచదరపు రేకు డబ్బా. నాలుగు గ్యాలన్లది, అంటే సుమారు 18 లీటర్లు పడుతుంది. ఒకప్పుడు బర్మా షెల్ లాంటి కంపెనీలు కిరసనాయిలుని ఈ డబ్బాల్లో పోసి అమ్మేవి. ఆ కంపెనీని 1976లో ప్రభుత్వం తీసుకుంది, అదే తర్వాత భారత్ పెట్రోలియం అయింది. కంపెనీ పోయింది గానీ డబ్బాలు మన ఇళ్లల్లో ఉండిపోయాయి. కొన్నిటిని కోసి బుడ్డి దీపాలు చేశారు. కొన్నిటిని సాపు చేసి గుడిసె కప్పుకి, తడిక తలుపుకి కొట్టారు. మిగిలినవాటికి మూతి దగ్గర అడ్డంగా కర్ర బిగిస్తే అవి నీళ్లు మోశాయి.

మా ఇంట్లోనూ ఒకటుంది. మా నాయనమ్మ ఆసామి ఇంట్లో పగలంతా వడ్లు దంచితే, ఆ రోజు కూలి కింద ఖాళీ డబ్బా ఇచ్చి పంపారంట. బూడిదేసి తోమింది, కుంకుడు రసం పోసి కడిగింది, ఎండలో బోర్లించింది. అయినా వాసన పోలేదు. ఆ డబ్బా పట్టుకుని ఊరి బావికి దూరంగా నిలబడేది. చేద ముట్టుకోకూడదు కదా. ఎవరో ఒక ఇల్లాలికి బుద్ధి పుడితే ఎత్తు నుంచి పోసేది. సగం డబ్బాలో, సగం నేలలో. కిరసనాయిలు కంపు కొట్టే ఆ నీళ్లే తాగి మా నాన్న పెరిగాడు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు బాబాసాహెబ్ తాగారని ఏటా సభల్లో చెప్పుకుంటాం. నేను ఆ మాట చెప్పేటప్పుడల్లా నా కళ్ల ముందు మా డబ్బా ఉంటుంది.

తర్వాత మా పల్లెలో బోరు పడింది. డబ్బా నీళ్లు మోయడం మానేసింది. అమ్మ అందులో బియ్యం పోసింది. తర్వాత రేషన్ కిరసనాయిలు పోసింది. అడుగు రెండుసార్లు చిల్లిపడితే మాటు వేయించాం. ఇప్పుడు మా అన్న కౌలు పొలంలో ఆయిల్ ఇంజనుకి డీజిలు దాంట్లోనే తీసుకుపోతాడు. మూడు తరాల నుంచీ వాడకంలోనే ఉంది.

రాహులుడి సంగతి మీకు తెలుసు. బుద్ధుడు కపిలవస్తుకి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు వెంటపడి, నా వారసత్వం నాకియ్యమని అడిగాడు. అడగమని తల్లే పంపింది. బుద్ధుడు రాజ్యం ఇవ్వలేదు, సారిపుత్తుణ్ణి పిలిచి ప్రవ్రజ్య ఇప్పించాడు. మజ్ఝిమ నికాయంలో ధమ్మదాయాద సుత్తమని ఒకటుంది. భిక్షువులారా, మీరు నాకు ధమ్మంలో దాయాదులు కండి, వస్తువుల్లో కావద్దని అందులో బుద్ధుడి బోధ. పాలీలో దాయాదుడంటే వారసుడు. మన తెలుగులో దాయాదులు అనగానే గెట్టు తగాదాలు, కోర్టు వాయిదాలు గుర్తొస్తాయి. మాటని కూడా మనవాళ్లు ఎక్కడికి దించారో చూడండి!

మేమిద్దరం అన్నదమ్ములం డబ్బా కోసం కొట్టుకోలేదు. దాని మీద బొట్టు కోసం కొట్టుకున్నాం.

ఇంటిల్లిపాదీ దీక్ష తీసుకున్నాం. 22 ప్రతిజ్ఞలూ చదివాం. అన్న నాకంటే గట్టిగా చదివాడు. కానీ దసరా రాగానే ఇంజనుకీ, పక్కన డబ్బాకీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవాడు. అమ్మ బతికుండగా పెట్టేది, ఆమె పోయాక తను పెడుతున్నాడు. ఆ రోజు మనకేం రోజు? 1956 అక్టోబర్ 14, విజయదశమి నాడు బాబాసాహెబ్ నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకున్నారు. మనకి అది అశోక విజయదశమి. విహారంలో వందన జరుగుతుంటే మా అన్న పొలంలో డబ్బాకి బొట్టు పెడుతున్నాడు!

నేను ఊరుకోలేదు. పది మందిలో నిలదీశాను. "నోటితో ప్రతిజ్ఞ, చేత్తో పూజ, నీకు సిగ్గు లేదా?" అన్నాను. వాడు ఒక్కటే అన్నాడు. "ఇంజను మధ్యలో ఆగిపోతే నా పంట నువ్వొచ్చి తడుపుతావా?" ఆ తర్వాత ఏడాదిపాటు విహారం గడప తొక్కలేదు. వాడితో పాటు వదినా, పిల్లలూ రాలేదు.

గెలిచాననే అనుకున్నాను. కొన్నాళ్లకి పాలీ మాటలు కొన్ని నేర్చుకుంటుంటే ఉపాదానం అనే మాట తగిలింది. పటిచ్చ సముప్పాదంలో తణ్హ వల్ల ఉపాదానం అని చదువుకుంటాం కదా, పట్టుకుని వదలకపోవడం అని అర్థం చెప్పుకుంటాం. ఆ మాటకే పాలీలో ఇంకో అర్థం ఇంధనం. పొయ్యిలో కట్టె, దీపంలో నూనె. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడితో బుద్ధుడు మంట ఉపమానమే చెప్పాడు. ఆరిపోయిన మంట ఏ దిక్కుకి పోయిందంటే ఏం చెప్తాం? గడ్డీ కట్టే ఉన్నంతసేపు మండింది, అవి అయిపోయాయి, ఆరింది. అంతే.

ఈ ఇంధనం నాలుగు రకాలన్నారు. కామం ఒకటి. దిట్ఠి, అంటే నా అభిప్రాయమే సత్యమని పట్టుకోవడం ఒకటి. సీలబ్బతం, అంటే తంతులు చేస్తే మేలు జరుగుతుందని పట్టుకోవడం ఒకటి. ఆత్మవాదం ఒకటి. మా అన్నది సీలబ్బతం, అందులో అనుమానం లేదు. పసుపు రాస్తే ఇంజను ఆగదని ఏ మెకానిక్కూ చెప్పడు. కానీ ఆ పట్టు వెనక ఉన్నది భక్తి కూడా కాదు, భయం. కౌలు కట్టాలి, అప్పు తీర్చాలి. ఆ భయాన్ని నేను ఒక్కసారైనా అడిగానా? మరి నాది? నాది దిట్ఠి. వాడి డబ్బాలో ఏముందో నాకు కనపడింది, నా డబ్బాలో ఏముందో కనపడలేదు. ఉద్యమంలో తిరిగే మనలాంటి వాళ్లకి ఈ నూనె ఎక్కువ. తొందరగా అంటుకుంటుంది కూడా.

అట్లాగని బొట్టు పెడితే తప్పులేదని నేను అనడం లేదు. ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే. దాంట్లో బేరం లేదు. ఇంకో మాట కూడా. మన కుర్రాళ్లు కొందరు, ఆ డబ్బా బానిసతనపు గుర్తు, పాత సామాన్లవాడికి పడేయండి అంటారు. నేను ఒప్పుకోను. ఆసామి పెరట్లో కూలి కింద దొరికిన రేకుతో ఒక మనిషి ముగ్గురు పిల్లల్ని బతికించింది. ఆ సంగతి మన పిల్లలకి తెలియొద్దా? పూజ చేయక్కర్లేదు, పారేయక్కర్లేదు.

పోయిన దసరాకి తెల్లవారుజామునే అన్న పొలానికి వెళ్లాను. పిలవలేదు, నేనే వెళ్లాను. డీజిలు డబ్బా నేను మోశాను. నిండు డబ్బా బరువు చాలా ఏళ్ల తర్వాత భుజానికి తెలిసింది. వాడు పసుపు పొట్లం జేబులోంచి తీశాడు, నా వైపు చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "తుడువు" అని పాత గుడ్డ ఇచ్చాడు. తుడిచాను. పిడి కింద మాటు దగ్గర ఏళ్ల నాటి కుంకుమ గడ్డకట్టి ఉంది, ఎంత రుద్దినా రాలేదు. గీకుదామని మేకు వెతుకుతుంటే వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీరా. అది అమ్మ పెట్టింది."

నేను మేకు పక్కన పడేశాను. ఇంజనులో డీజిలు పోశాం. మూడోసారి తిప్పితే అందుకుంది. నీళ్లు కాలవలో పడ్డాక ఇద్దరం కాళ్లు కడుక్కుని విహారానికి వెళ్లాం. అప్పటికే త్రిశరణాలు అయిపోయి పంచశీలలో రెండో శీలం నడుస్తోంది. వెనక వరసలో కూర్చున్నాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.