మనసు చేజారిన వేళ

పూజలో కూర్చున్న మనిషి చూపు ఒక్కచోట నిలిచిపోయి, పిలిచినా పలకకపోతే మనం ఏమనుకుంటాం? దేవనకొండ పల్లెల్లోనైనా, ఆదోని పేటలోనైనా వెంటనే వినిపించే మాటలు రెండు: "గాలి సోకింది", "వేషాలు వేస్తోంది". మొదటిది దయ్యం మీద నెపం, రెండవది మనిషి మీద నింద. రెండూ తొందరపాటు తీర్పులే.

2009 అక్టోబరు తొలిదినాల్లో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని, హంద్రీతో కలిసి కర్నూలును ముంచెత్తింది. అంతటి ఆపద దాటినవారిలో కొందరికి నీరు తీసినా భయం తీయదు. దెబ్బలకు, అత్యాచారానికి, ఘోర ప్రమాదానికి గురైనవారిలోనూ ఇంతే. తప్పించుకునే దారి లేనప్పుడు మనసే పక్కకు తప్పుకుంటుంది. ఆనాడు అది వారికి ఆసరా. తరువాత వాన చప్పుడో, ఒక గద్దింపో చాలు, అదే స్థితి తిరిగి వస్తుంది. తన చేతులు తనవి కానట్లు, చుట్టూ ఉన్నదంతా కలలా తోస్తుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ఆఘాతానంతర వ్యాధిలో ఒక ప్రత్యేక రూపంగా గుర్తించింది.

మరి ప్రార్థనలో మనసు నిలవకపోతే పాపమా? భయం, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించగలవని, పూర్తిగా తొలగించను కూడా గలవని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (1735) బోధిస్తోంది. తెలిసి, ఇష్టపడి దేవునికి వెన్ను చూపడం వేరు. గాయపడిన మనసు చేజారడం వేరు. భూతోచ్చాటనకు ముందు అది జబ్బు కాదని నిశ్చయించుకోవాలనీ, మానసిక జబ్బును నయం చేయడం వైద్యుల పని అనీ అదే గ్రంథం (1673) చెబుతోంది.

"ఇలాగైతే ప్రతి తప్పుకూ సాకు దొరకదా?" అని మీరు అడగవచ్చు. ఎవరిలో ఎంత స్వేచ్ఛ మిగిలి ఉందో ఎరిగినవాడు దేవుడొక్కడే. మనకు అప్పగించినది తీర్పు కాదు, తోడు. ఏలీయా ప్రవక్త బ్రతుకు విసిగి చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు; మళ్లీ నిద్రపోనిచ్చాడు.

కనుక అలాంటివారిని కుదపకండి, గద్దించకండి. మెల్లగా పేరు పెట్టి పిలవండి. "మనం గుడిలో ఉన్నాం, నేను నీ పక్కనే ఉన్నా" అని చెప్పండి. జరిగినదంతా చెప్పమని బలవంతపెట్టకండి. మూర్ఛ వల్ల కూడా ఇలా కావచ్చు గనుక వైద్యునికి చూపించండి. టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

దేవుడు దగ్గర ఉన్నట్లు అనిపించకపోవడం, ఆయన లేకపోవడం ఒకటి కావు. ఆ మాట వారు నమ్మలేని రోజున, పక్కన కూర్చున్న మనలను చూసి నమ్మాలి.