గాజుల చెయ్యి

వేమగల్‌లో బ్యాంకు ఉద్యోగం చేసిన మూడేళ్ళూ సాయంత్రం పూట చెరువుకట్ట మీద నడిచేవాణ్ణి. కట్ట కింద ఒక మాస్తికల్లు ఉంది. స్తంభం నుంచి ఒక ఆడచెయ్యి మోచేతి దగ్గర వంగి పైకి లేచి ఉంటుంది. మణికట్టుకు గాజులు, వేళ్ళ నడుమ నిమ్మపండు, పైన సూర్యచంద్రులు. కోలారు జిల్లావాళ్ళకు ఇవి కొత్త కాదు. మాలూరు తాలూకాలోని మాస్తి ఊరికి ఆ పేరు మహాసతి నుంచే వచ్చిందంటారు.

ఒకనాడు ఆ రాతికి పసుపు పూస్తున్న ముసలమ్మను "ఎవురవ్వా ఈయమ్మ?" అని అడిగాను.

"పేరు ఎవురికి తెలుసు సామీ? మొగుడితో పొయ్యింది. గాజులు పగలనీలేదు, చూడు" అన్నది.

శిల్పి చెప్పదలచిందీ అదే. ఈమె ముత్తయిదువగానే పోయింది.

మా నాయన 1986లో పోయాడు. నాకు పదహారేళ్ళు. పదోరోజు అమ్మ గాజులు పగలగొట్టారు. పెద్దకొడుకుగా పక్కనే నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. మరుసటి ఏడు రాజస్థాన్ దేవరాలలో పద్దెనిమిదేళ్ళ రూప్ కన్వర్ చితిలో కాలిపోయింది. ఇష్టపడే వెళ్ళిందన్నారు కొందరు. సతిని కీర్తించడం కూడా నేరమని పార్లమెంటు ఆ ఏడే చట్టం చేసింది.

ఇష్టం అంటే ఏమిటి? బీకాంలో మేము చదివిన 1872 నాటి కాంట్రాక్టు చట్టం, ఒత్తిడితో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదంటుంది. నలుగురు మగవాళ్ళు వెంట ఉండి ఒక ఆడమనిషిని జామీను సంతకానికి తీసుకొస్తే, వాళ్ళను బయట కూర్చోమని ఆమెను ఒంటరిగా అడిగేవాణ్ణి. చితి చుట్టూ ఉన్నవాళ్ళను బయటికి పొమ్మన్నది ఎవరు?

ఈజిప్టు రాజు మెన్‌కౌరే, రాణి జంటగా నిలబడిన శిల్పం ఫోటో ఒక పుస్తకంలో చూశాను. నాలుగున్నర వేల ఏళ్ళ నాటిది. 1910లో గీజాలో దొరికింది, బోస్టన్ మ్యూజియంలో ఉంది. రాణి ఒక చెయ్యి రాజు నడుము చుట్టి ఉంది, రెండోది అతని చేతిమీద ఉంది. ఆమె పేరు కూడా ఆ రాతిమీద లేదు. అయినా ముఖం ఉంది, ఇంచుమించు అతనంత ఎత్తు ఉంది, బతికున్న మనిషి నిలబడినట్టు ఉంది. మా చెరువుకట్ట రాతిలో మనిషి లేదు, గాజులు మిగిలాయి.

ఆ రాతిని పెకలించి పారెయ్యాలని నేననను. అట్లా చేస్తే ఆమె రెండోసారి పోతుంది. ఆమెకు దండం పెట్టాను కూడా. కానీ చచ్చిపోయినామెకు రాయి నిలిపి, బతికినామెను వెనక్కి నెట్టే లెక్క నాకు ఎంతకీ సరిపోలేదు. అమ్మ ఆ బోసిచేతులతోనే ముప్ఫై ఏళ్ళు ఆవులు మేపి, పాలు పోసి మమ్మల్ని చదివించింది. నా పెళ్ళిలో తలంబ్రాలప్పుడు స్తంభం వెనక నిలబడింది. నేను చూశాను. ముందుకు రమ్మని పిలవలేదు.

పసుపు పూస్తున్న ముసలమ్మ చేతులు కూడా బోసివే.

వచ్చే ఏడు మా అమ్మాయి పెళ్ళి. ముందు వరసలో నిలబెడదామంటే ఇప్పుడు అమ్మ లేదు.