చెప్పులతో నడిస్తే పుణ్యం తగ్గుతుందా?

ఉగాది దగ్గరపడితే చాలు, కర్ణాటక నుంచి శ్రీశైలం మల్లన్న దగ్గరికి భక్తులు జట్లు జట్లుగా కాలినడకన బయలుదేరతారు. నల్లమలలో నాగలూటి, భీముని కొలను, కైలాస ద్వారం మీదుగా కొండెక్కుతారు. అడవి మొదలవక ముందే రోజుల తరబడి తారురోడ్డు, పైన ఎండ. కొందరికి చెప్పులుంటాయి, కొందరివి వట్టికాళ్లు. వట్టికాళ్లవాళ్ల భక్తే ఒక మెట్టు పైనని చూసేవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ తూకం ఎంతవరకు న్యాయం?

క్షేత్రంలో చెప్పులు విడవడం మీద ఎవరికీ పేచీ లేదు. తిరుమల మాడవీధుల్లో చెప్పులు వేసుకోరు. అయ్యప్ప మాల పడితే దీక్ష సాగినన్నాళ్లూ వట్టికాళ్లే. బైబిల్లో మండుతున్న పొద దగ్గర మోషేను దేవుడు చెప్పులు విడవమన్నది ఆ నేల పవిత్రమైనది కాబట్టి. అది నేలకు ఇచ్చే మర్యాద. కాలు నొచ్చాలని కాదు. నొప్పే మొక్కుగా మారినప్పుడు అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఈ ప్రశ్న బుద్ధుడి ముందుకూ వచ్చింది. బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకం మహావగ్గంలో సోణుడి కథ ఉంది. చంపానగరంలో కోటీశ్వరుడి కొడుకు. అరికాళ్ల మీద వెంట్రుకలు మొలిచేంత సుకుమారుడని విని రాజు బింబిసారుడు ఆ పాదాలు చూడటానికే పిలిపించాడట. అలాంటివాడు భిక్షువై, పట్టుదలగా చంక్రమణం (నడుస్తూ చేసే ధ్యానం) చేస్తూ చేస్తూ కాళ్లు పగిలి, నడిచిన బాటంతా నెత్తురు చేశాడు. బుద్ధుడు అతన్ని మెచ్చుకోలేదు. ఒంటి పొర అడుగున్న చెప్పులు తొడుక్కోమన్నాడు. సోణుడు వెంటనే ఒప్పుకోలేదు. అంత బంగారాన్నీ ఏనుగులనూ వదిలి వచ్చినవాడు చెప్పుల దగ్గర ఆగిపోయాడని లోకం అంటుంది, సంఘంలో అందరికీ అనుమతిస్తేనే తానూ వేసుకుంటానన్నాడు. బుద్ధుడు అందరికీ అనుమతించాడు. నెత్తురోడిన పాదాల కన్నా ఈ షరతే గొప్ప సాధన అనిపిస్తుంది. తన కాలి నొప్పిలోంచి పక్కవాడి కాలు కూడా కనిపించింది.

అదే గ్రంథంలో అవంతి ప్రాంతం నుంచి మరో విన్నపం వస్తుంది. అక్కడి నల్లనేల గట్టిది, ఆవుల గిట్టలు తొక్కి గరుకుదేలింది. అందుకని ఆ ప్రాంతాలవారికి పలు పొరల అడుగులకూ అనుమతి దొరికింది. నియమాన్ని నేలను బట్టి సడలించారన్నమాట.

మన భారతమూ ఈ విషయంలో ఉదాసీనంగా లేదు. అనుశాసనిక పర్వంలో జమదగ్ని బాణాలు వేస్తుంటే భార్య రేణుక పరుగున వెళ్లి ఏరి తెస్తుంది. జ్యేష్ఠమాసపు ఎండకు తల మాడి, కాళ్లు కాలి ఆలస్యం చేస్తుంది. కోపించిన ముని సూర్యుడి మీదికే బాణం ఎక్కుపెడితే, ఆయన దిగివచ్చి గొడుగూ చెప్పులూ ఇస్తాడు. గొడుగు, పాదరక్షల దానం ఎలా మొదలైందని ధర్మరాజు అడిగితే భీష్ముడు చెప్పిన కథ ఇది. కాలే పాదాన్ని కాపాడటం ధర్మమేనని ఇంతకన్నా సూటిగా ఎలా చెబుతారు?

కాబట్టి దూరయాత్రకు చెప్పులు ఎంచుకోవడం భక్తికి బయటి పని కాదు. కొత్త జతతో బయలుదేరకూడదు. కొన్ని వారాలు ముందే వేసుకుని నడిచి అలవాటు చేసుకోవాలి. నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది, వేళ్ల ముందు కాస్త చోటుండాలి. చెమటకు తడిసిన మేజోళ్లు బొబ్బలు తెస్తాయి, మార్చుకోవడానికి మరో జత ఉండాలి. మూట ఎంత తేలికైతే మడమలకు అంత మేలు. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు మాత్రం వట్టికాళ్ల మొక్కు పెట్టుకోకపోవడమే మంచిది. కాలు కాలినా వాళ్లకు తెలియదు, ఆ పుండు కాలికే ముప్పు తేవచ్చు. గుడి ముంగిట చెప్పులు విడిస్తే వాళ్ల మర్యాదలో లోటేమీ ఉండదు.

దారి పొడవునా అన్నదాన శిబిరాలు పెట్టే దాతలు ఒక మూల రకరకాల కొలతల చెప్పులు కూడా ఉంచవచ్చు. ఉంగటం తెగిన చెప్పును చేత్తో పట్టుకుని మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిచేవాడికి వాటి అవసరం భోజనానికి తీసిపోదు.