దూడను కారెక్కించిన దయ

జూన్ మొదటి వారంలో మా అబ్బాయి కుటుంబంతో కలసి అమెరికాలో రాకీ పర్వతాల మీదుగా తొమ్మిది రోజులు కారులో ప్రయాణించాను. డెన్వర్‌లో బయలుదేరి రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్ అనే మూడు జాతీయ వనాలు చూసి తిరిగి రావాలని ఏర్పాటు. అబ్బాయి, కోడలు, పదకొండేళ్ల మనుమరాలు, ఏడేళ్ల మనుమడు, నేను. కాళ్ల దగ్గర పులిహోర డబ్బా, మాగాయ సీసా. మన వద్ద రోహిణి కార్తె ఎండలకు జనం అల్లాడే రోజుల్లో, అక్కడ 12,183 అడుగుల ఎత్తుకు ఎక్కే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు పక్కన మంచు గోడ కట్టినట్టు నిలిచి ఉంది. చలికాలమంతా మూసి ఉంచే ఆ రోడ్డును సాధారణంగా మే నెలాఖరులో తెరుస్తారు.

ఆ కొండల అందం గురించి రాయడం నా చేత కాదు. ఆ ప్రయాణంలో మా మనుమరాలు అడిగిన ఒక ప్రశ్నను మాత్రం పాఠకుల ముందు ఉంచుతాను. దానికి జవాబు వెదకబోయి నేను నా పాత లెక్కలే తిరగవేసుకోవలసి వచ్చింది.

యెల్లోస్టోన్‌ను 1872లో జాతీయ వనంగా ప్రకటించారు. అక్కడ బైసన్ అనే అడవి పశువులు మందలుగా తిరుగుతాయి. మన అడవి దున్నకు దూరపు చుట్టాలు అనుకోవచ్చు. తుపాకులకు బలియై 1902 నాటికి ఆ వనంలో రెండు డజన్లకు దిగిపోయిన ఈ జాతి, కాపాడగా కాపాడగా నేడు వేలకు పెరిగింది. ఏప్రిల్, మే నెలల్లో దూడలు పుడతాయి. పెద్దవి ముదురు గోధుమ రంగు, దూడలు మాత్రం ఇటుక రంగు.

వనానికి ఈశాన్యాన లామర్ లోయలో ఒక మంద ఏరు దాటుతుంటే కారు ఆపి చూశాము. మంచు కరిగిన నీరు ఉరవడిగా పారుతోంది. తల్లులతో పాటు దూడలు కూడా దాటాయి, ఒకటి తప్ప. అది ఒడ్డున అటూ ఇటూ పరుగెత్తుతూ అరుస్తోంది. మంద వెనుదిరిగి చూడలేదు. "నాన్నా, దాన్ని అవతలికి చేర్చవా?" అని మనుమరాలు ఏడుపు గొంతుతో అడిగింది. బైసన్‌కు 25 గజాలు, ఎలుగుబంటికీ తోడేలుకూ 100 గజాలు ఎడంగా ఉండాలని అక్కడ నిబంధన. మా అబ్బాయి నిబంధన చెప్పి ఊరుకోలేదు. జరిగిన ఒక సంగతి చెప్పాడు.

2016 మే నెలలో ఒక తండ్రీ కొడుకులు ఈ వనంలోనే ఒంటరిగా కనిపించిన బైసన్ దూడను చూసి, చలికి చచ్చిపోతుందేమోనని తమ కారులోకి ఎక్కించి రేంజర్ల దగ్గరకు తీసుకుపోయారు. రేంజర్లు దానిని మందలో కలపాలని పదేపదే ప్రయత్నించారు. మంద చేర్చుకోలేదు. దూడ మనుషుల వెంటా కార్ల వెంటా తిరగసాగింది. బయటికి పంపుదామంటే, పశువులకు ఈచుకుపోయే జబ్బు తెచ్చే బ్రూసెల్లోసిస్ భయంవల్ల నెలల తరబడి వేరుగా ఉంచి పరీక్షించాలి. అంత చిన్న దూడను అలా సాకే ఏర్పాటు అక్కడ లేదు. చివరికి రేంజర్లే దాని ప్రాణం తీయవలసి వచ్చింది. 2023 మే నెలలో ఇదే లామర్ లోయలో, ఇలాగే ఏటి ఒడ్డున తల్లికి దూరమైన దూడను ఒకాయన గట్టు మీదికి తోశాడు. దానికీ అదే గతి పట్టింది. ఆయన కోర్టులో తప్పు ఒప్పుకొని జరిమానా కట్టాడు.

వాళ్లెవరూ క్రూరులు కారు. నలుగురు ఫోటోలు తీసుకుంటూ నిలబడిన చోట కదిలిన గుండె వాళ్లది. ఆ కదలికే దూడ ప్రాణం మీదికి తెచ్చింది.

మనుమరాలు కాసేపు ఊరుకుని, "అయితే తాతయ్యా, మంచి సమరీయుడి కథలో పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు చేసింది కరెక్టేనా?" అంది.

సత్యోపదేశం ముప్ఫై ఏళ్లు చెప్పినవాడిని. వెంటనే జవాబు తోచలేదు.

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలోనే ఈ చిక్కును చూశారు. పరుల బాధకు మనసు కదలినంత మాత్రాన అది సుగుణం కాదు, ఆ కదలికను బుద్ధి నడిపించినప్పుడే సుగుణం అని ఆయన బోధ. తెలుసుకోగలిగి, తెలుసుకోవలసి ఉండి, అశ్రద్ధవల్ల తెలుసుకోకపోతే ఆ తెలియనితనమే పాపమని కూడా ఆయన అన్నారు. వనం గేటు దగ్గర చేతిలో పెట్టిన కాగితం చదవకపోవడం ఆ కోవలోకే వస్తుంది కాబోలు. కాని ఈ మాట సోమరులకు మంచి సాకు. సాయం చేస్తే చెడుతుందేమో అని ముడుచుకు కూర్చున్నవాళ్లను మన విచారణల్లో ఎందరిని చూడలేదు! సమరీయుడు దగ్గరకు పోయాడు, గాయం ఎక్కడుందో చూశాడు, దానికి తగిన మందు పోశాడు. సత్రంవానికి రెండు దీనారములిచ్చి, మళ్లీ వస్తానన్నాడు. తన సాయం ఏమైందో చూసుకునే బాధ్యత తన మీదే ఉంచుకున్నాడు. యెరికో వద్ద గ్రుడ్డి బర్తిమయి కేకలు వేసినప్పుడు ప్రభువు అతనిని పిలిపించి, తాను ఏమి చేయాలని కోరుతున్నాడో అడిగాడు. గ్రుడ్డివాడికి ఏమి కావాలో ప్రభువుకు తెలియదా? అయినా అడిగాడు.

ఆ "అడగడం" దగ్గరే నేను ఆగిపోయాను.

1980లలో నేను కోస్తాలో ఒక పల్లెలో పంతులుగా ఉండేవాడిని. కాలువ గట్టున యానాదుల గుడిసెలు నాలుగైదు ఉండేవి. తండ్రి పాము కరచి పోయిన తొమ్మిదేళ్ల కుర్రవాడిని చూసి మా విచారణ పెద్దలకు జాలి కలిగింది. అందరికంటె ముందు కదిలింది నేనే. అరవై కిలోమీటర్ల దూరంలో ఒక హాస్టలులో చేర్పించాము. తల్లి చేత కాగితం మీద వేలిముద్ర వేయించాము. ఆమె ఏమీ అనలేదు. అనే అవకాశం మేము ఇచ్చామా అంటే, లేదు. మొదటి నెలలోనే వాడు నడిచి పారిపోయి వచ్చాడు. తిరిగి పంపాము. వేసవి సెలవులకు రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి గట్టు మీద గుడిసెలు లేవు. కాలువ ఎండితే చేపలున్న చోటికి, పని ఉన్న చోటికి వాళ్లు తరలిపోతారు. ఆ సంగతి ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. మేమెవరమూ ఆలోచించలేదు. రెండు రోజులు వెదికించి, సెలవుల్లోనే వాడిని మళ్లీ హాస్టలుకు పంపాము. ఎనిమిదో తరగతిలో అక్కడినుంచి కూడా వెళ్లిపోయాడని తెలిసింది. కృతజ్ఞత లేనివాడు అనుకున్నాము. నోటితో అన్నాము కూడా.

మనుషులను పశువులతో పోల్చడం నాకు ఇష్టం లేదు. ఆ గుడిసెలవాళ్లను మంద అని హేళన చేసినవాళ్లను నేనెరుగుదును. చదువు చెప్పించడం తప్పని కూడా నేననడం లేదు. ఆ గట్టు మీదే వాడికి పలక ఇచ్చి కూర్చోబెట్టుకోవచ్చు. మా బడి అక్కడికి అర మైలు లేదు. దూడ తల్లిని అడగడం ఎవరి తరమూ కాదు. ఆ కుర్రవాడి తల్లి మాత్రం మా భాషే మాట్లాడేది. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు.

ఇదంతా పిల్లకు చెప్పలేదు. "దగ్గరకు వెళ్లడమూ తప్పు కాదమ్మా, చూసి వెళ్లాలి" అని ఏదో అన్నాను. "మరి దాని తల్లి రాకపోతే?" అంది. తోడేళ్లు వస్తాయి. వనంలో పూర్వం చంపివేసిన తోడేళ్లను 1995లో బయటినుంచి తెచ్చి మళ్లీ వదిలారు. వాటికీ పిల్లలుంటాయి. సృష్టికర్త ఈ ఏర్పాటు ఎందుకు చేశాడో నాకు బోధపడలేదు, ఆమెకు బోధపరచనూ లేకపోయాను. వెనుక కార్లు బారులు తీరడంతో మేము కదలిపోయాము. మలుపు తిరిగేదాకా దూడ ఒడ్డునే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆదివారం గ్రాండ్ టీటన్‌లో జాక్సన్ సరస్సు దగ్గర ఉన్న తిరుహృదయ ప్రార్థనాలయంలో దివ్యబలిపూజలో పాల్గొన్నాము. జూన్ తిరుహృదయ మాసం కదా. దుంగలతో కట్టిన చిన్న గుడి. మనుమరాలు దూడ కోసం ప్రార్థించానని చెప్పింది. నేను ఆ హాస్టలు సంగతిని ఇన్నేళ్లలో ఒక్క పాపసంకీర్తనంలోనూ చెప్పుకోలేదు. దానిని పుణ్యకార్యాల లెక్కలో వేసుకున్నాను మరి. ఊరికి తిరిగివచ్చిన వారంలోనే చెప్పుకున్నాను. మా విచారణ గురువులు ప్రాయశ్చిత్తంగా ప్రార్థనలేమీ ఇవ్వలేదు. ఆ తల్లి పేరు కనుక్కోమన్నారు. వేలిముద్ర పక్కన ఆ రోజు రాసింది నేనే, అయినా గుర్తు రావడం లేదు. కుర్రవాడు ఎక్కడైనా ఉంటే యాభై దాటి ఉంటాడు. ఈ నెలలో కాలువ గట్టు మీది ఊళ్లు రెండు తిరిగాను. ఇంకా నాలుగు ఉన్నాయి.