వేలంపాటలో ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వేలంపాటలో ఇల్లు పాడుకుని చూడమని మాత్రం అనలేదు. కట్టుకునే ఇంటి కష్టాలు కట్టుకున్నవాళ్ళవే. వేలం ఇంటికి ఇంకొకళ్ళ కష్టం కూడా అంటుకుని వస్తుంది.

2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ప్రకారం, లోను వాయిదాలు ఆగిపోయి ఖాతా మొండిబాకీ అయిందంటే, బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టు తీర్పు కోసం చూడకుండానే ఆ ఇల్లు అమ్మెయ్యవచ్చు. పాట మనకి దక్కితే ధరావతుతో కలిపి నాలుగో వంతు ఆ రోజో, మర్నాడో కట్టాలి. మిగతాది పాట ఖరారైన 15 రోజుల్లో. బ్యాంకు గడువు పెంచితే సరే, లేకపోతే కట్టిన సొమ్ము కాస్తా గోవిందా! ప్రకటనలో “ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే” అని ఓ ముక్క ఉంటుంది చూడండి, అసలు కథంతా అందులోనే ఉంది. తలుపులకి చెద పట్టినా మనదే, గోడ చెమ్మ మనదే. పాత యజమాని కట్టని కరెంటు బిల్లు సైతం, నిబంధనల్లో ఉంటే కొన్నవాళ్ళ దగ్గర వసూలు చెయ్యవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. “సింబాలిక్ పొజెషన్” అని రాశారా, గుమ్మానికి నోటీసు అంటించారే గాని మనుషులింకా లోపలే ఉన్నారని అర్థం.

మా వదిన అలాంటి ఇల్లొకటి చూడటానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. తలుపు తీసినావిడ విసుక్కోలేదు. గదులన్నీ చూపించింది. మేం అడక్కుండానే, “ఏప్రిల్ వచ్చిందంటే బోర్లో నీళ్ళు పడవమ్మా, ట్యాంకరు తెప్పించుకోవాల్సిందే” అంది.

“మనం కొనకూడదని అలా చెప్పిందిలే” అంది వదిన, ఆటో ఎక్కగానే. కావచ్చు. కానీ వంటింటి కిటికీ తెరిస్తే మంచి గాలి వస్తుందని చెప్పిందీ ఆవిడే కదా! చట్టానికి 2016లో సవరణ చేశాక, బాకీ కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడేదాకానే. అంటే మనం పేపరు మడిచి “భలే చవక” అనుకునే వేళకి ఆవిడ చేతిలో ఏమీ మిగల్లేదన్నమాట.

“ఒకళ్ళ ఉసురు పోసుకుని అక్కడ పాలు పొంగించుకుంటామా?” అంది మా పెద్దమ్మ. “మనం కాకపోతే ఇంకొకళ్ళు కొంటారు” అంది వదిన. నాకు రెండూ నచ్చలేదు. పాట సొమ్ములో బాకీ, ఖర్చులు పోగా మిగిలింది ఇంటివాళ్ళకే తిరిగి వెళ్ళాలి. చాలకపోతే ఆ లోటు వాళ్ళ నెత్తినే ఉంటుంది. మరి ఉసురుకి జడిసి మంచివాళ్ళంతా తప్పుకుంటే ధర ఇంకా పడిపోదూ? అప్పుడు ఆవిడకి ఇల్లూ పోయి, అప్పూ మిగిలి! పాపభీతి మంచిదే గాని, దానివల్ల ఎవరికి ఎంత నష్టమో కూడా చూసుకోవాలి. సగానికి సగం కొట్టేశామని సంబరపడేవాళ్ళు ఆ తగ్గిన సగం ఎవరిదో ఆలోచించరు.

అందుకని వదినతో అన్నాను: మరమ్మతులకీ, నీళ్ళకీ నిజంగా ఎంతవుతుందో తీసెయ్యి, ఆపైన ఆ ఇల్లు నీకెంత విలువ చేస్తుందో అంతవరకూ పాడు. “డబ్బులు చెట్లకి కాస్తున్నాయా?” అంది. అన్నా, కాగితం తీసి లెక్క వెయ్యటం మొదలుపెట్టింది. ఖాళీ చేసేవాళ్ళకి రెండు నెలల గడువు, సామాన్ల లారీ కిరాయి అని కూడా రాసింది. కాకపోతే అట్టడుగున, “అనుకోని ఖర్చులు” కింద. నేను దాన్ని కొట్టేసి పైన, రిజిస్ట్రేషన్ ఖర్చు పక్కన రాశాను.