రుచికొఱకు ప్రాణము

రోహిణి యెండలు తగ్గి మృగశిర కార్తె ప్రవేశించిన నాడు, మేడ్చల్, శామీర్‌పేట పరిసరములలో చేపలు తినువారి యిండ్లలో పులుసు మరుగని పొయ్యి యరుదు. ఋతువు మాఱు వేళ దేహమునకు వేడి కావలెనని పెద్దల మాట. శామీర్‌పేట చెఱువునకు సమీపమున చదువుకొను విద్యార్థుల చేతులలో నేడు మఱియొక జలచరాహారము కనబడుచున్నది: రొయ్యను నూఱి పిండిలో కలిపి జపాను రీతిని చేసిన, కరకరలాడు ఉప్పని చిరుతిండి. ఈ రెంటిని చూచినప్పుడెల్ల నాకొక ధర్మసందేహము కలుగును: పోషణకొఱకు తీసిన ప్రాణమును, రుచికొఱకు తీసిన ప్రాణమును ఒక్క త్రాసున తూచవచ్చునా?

ఆ చిరుతిండి పుట్టుక మాత్రము రుచికొఱకు కాదు. యుద్ధానంతరము హిరోషిమా ప్రజలు పోషకలోపమున కృశించియుండగా, అచ్చటి యొక సంస్థ 1955లో కాల్షియము, బి1 విటమిను అను రెండు పేర్లను కలిపి ‘కల్బీ’ యని నామకరణము చేసికొని, 1964లో చిఱు రొయ్యలను పెంకుతోగూడ నూఱి ‘కప్పా ఎబిసెన్’ను తయారుచేసెను. ఆ బి1 కొఱతయే బెరిబెరి. మరపట్టిన తెల్లబియ్యము తిను మన ఉత్తర సర్కారులను పీడించిన వ్యాధి. దానిని శోధించుటకై 1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థయై యున్నది. హిరోషిమాలో ఆకలిగొన్న జనము పెంకును సైతము పాఱవేయకుండుట నాకు పూజ్యముగ తోచును.

అయినను రొయ్య చిన్నదగుటచే సందేహము చిన్నదగుట లేదు. ఒక్క కొఱ్ఱమీను ఐదుగురికి చాలును. చింతచిగురులో వేసెడి గుప్పెడు ఎండురొయ్యలలో ఎన్ని ప్రాణములు! సంఖ్యయే పాపమునకు కొలత యైనచో ఆ గుప్పెడే ఘోరము. మహాభారతమున మిథిలానగరపు ధర్మవ్యాధుడు, మాంసమమ్మి జీవించుచు తాను మాంసము ముట్టనివాడు, నాగలి సాగినచోట నేలలోని జీవులు చచ్చుననియు, ధాన్యపు గింజయు జీవమేయనియు కౌశికునకు బోధించెను. హింస లేని ముద్ద లేదనిన యా బోధలో నాకు ఋణము వినబడును, అనుమతి వినబడదు.

ఆ ఋణము తీఱు మార్గము ఛాందోగ్యోపనిషత్తున నున్నదని నా నమ్మకము. తిన్న అన్నమున స్థూలభాగము మలమును, మధ్యమభాగము మాంసమును, సూక్ష్మభాగము మనస్సును అగునని ఉద్దాలకుడు కొడుకైన శ్వేతకేతునకు చెప్పి, పదునైదు దినములు అన్నము మాన్పించి, నేర్చిన వేదము జ్ఞప్తికి రాకుండుటను అనుభవమునకు తెచ్చెను. ఎండురొయ్యలోని మాంసకృత్తులును, పెంకులోని సున్నమును పెరుగుచున్న బిడ్డకు కండయై, యెముకయై, తుదకు మనస్సై నిలిచినచో ఆ ప్రాణము వ్యర్థము కాలేదు. పొట్లములోని చిరుతిండియో, అధికభాగము పిండియు నూనెయు. రొయ్య యచ్చట వాసనగా మిగిలినది. ఉప్పు కారములు మితిమీఱిన ఆహారమును గీత పదునేడవ అధ్యాయమున రాజసమనెను. నిలువయుండి దుర్గంధించునది తామసమనియు అచ్చటనే యున్నది గనుక, ఎండురొయ్యల పక్షమున వాదించు నన్ను ఆ మాట గ్రుచ్చుకొనక మానదు.

శామీర్‌పేట దాపున ఒక యింట, ముసలమ్మ యొకతె చేటలో ఎండురొయ్యల తలలును మీసములును త్రుంచి బాగుచేయుచుండగా చూచితిని. చేజారి గచ్చుమీద పడిన యొక్క చిన్న రొయ్యను, చూపు ఆనకున్నను, వ్రేళ్లతో తడిమి తడిమి వెదకి తీసి, ఊది, మరల చేటలో వేసెను.