దాయవిభాగము - ధర్మసూక్ష్మము

గృహస్థుని ధర్మనిష్ఠకు పరీక్షాసమయములు పెక్కులు గలవు. వానిలో మిక్కిలి కఠినమైనది ఆస్తి పంపకము. త్రికాలసంధ్యలు వార్చువాడును, ఏకాదశీవ్రతము తప్పనివాడును పొలముగట్టు కడకు వచ్చునప్పటికి తోబుట్టువును శత్రువుగా జూచుట లోకమున కాననగుచున్నది. ఒక తల్లి బిడ్డల నడుమనే ఇట్లుండగా, తండ్రి యొక్కడై తల్లు లిద్దరైన యింట ఈ చిక్కు ద్విగుణమగును. మొదటి యిల్లాలు గతించిన పిదప, బిడ్డల పోషణకై రెండవ వివాహము చేసికొన్న రైతులు మన పల్లెలలో ఎందరో కలరు. ఆ వచ్చిన యిల్లాలు తానును వితంతువై, ఒక పసివానిని వెంటబెట్టుకొని వచ్చుటయు నేడు అరుదు గాదు. అట్టి గృహయజమాని వృద్ధుడైనప్పుడు భూమిని ఎట్లు పంచవలెను?

ఎవరికి ఎంత రావలెనను ప్రశ్నకు న్యాయస్థానము సమాధానము చెప్పగలదు. ఎవరిని మరువరాదను ప్రశ్నకు మాత్రము యజమానియే సమాధానము చెప్పవలెను. ధర్మసూక్ష్మము ఈ రెండవ ప్రశ్నలో నున్నది.

శ్రీమద్భాగవతము నవమస్కంధమున నాభాగుని వృత్తాంతము కలదు. నభగుని కుమారుడైన ఈ నాభాగుడు చిరకాలము గురుకులమున విద్యాభ్యాసము చేయుచుండెను. అతడు ఇంటలేని సమయమున అన్నలు తండ్రి ధనమును తమలో తాము పంచుకొనిరి. తిరిగివచ్చి నా భాగమేదని అడిగినవానికి, వృద్ధుడైన తండ్రిని చూపి, నీ పాలికి ఈయన వచ్చెనని పలికిరి. కృష్ణయజుర్వేదమునను, ఐతరేయబ్రాహ్మణమునను ఈ కథయే నాభానేదిష్ఠుని పేరిట కానవచ్చుచున్నది. పంపకములో ఒకనిని విడిచివేయుట ఎంత ప్రాచీనమైన దోషమో దీనివలన తెలియుచున్నది.

తండ్రి ఉపదేశము మేరకు నాభాగుడు అంగిరసుల సత్రయాగమునకు వెళ్లి, వారు తడబడుచున్న తావున రెండు సూక్తములను చెప్పెను. వారు సంతోషించి యాగశేషమైన ధనమును అతనికిచ్చి స్వర్గమునకేగిరి. అంతలో ఉత్తరదిక్కునుండి నల్లని పురుషుడొకడు వచ్చి, యజ్ఞమున మిగిలినది నాదని అడ్డగించెను. నీ తండ్రినే అడుగుమనెను. తండ్రి విచారించి, యజ్ఞశేషము రుద్రునిదే యని చెప్పెను. నాభాగుడు తిరిగివచ్చి సాష్టాంగపడి, స్వామీ, ఇది నీదేనని మా తండ్రి చెప్పెనని నిజము పలికెను. అంతట రుద్రుడు ప్రసన్నుడై ఆ ధనమంతయు అతనికే అనుగ్రహించి, బ్రహ్మజ్ఞానమును సైతము ప్రసాదించెను. ఆ నాభాగుని పుత్రుడే పరమభాగవతుడైన అంబరీషుడు.

ఇందు తండ్రీకొడుకుల ప్రవర్తన గమనింపదగినది. తన కుమారునికి నష్టము వచ్చునని తెలిసియు తండ్రి సత్యమును దాచలేదు. తన చేతిలోనికి వచ్చినది జారిపోవునని తెలిసియు కుమారుడు ఆ మాటను మార్చలేదు. అన్నల ప్రస్తావన పంపకముతోడనే ముగిసినది. భక్తాగ్రేసరుడు జన్మించిన వంశము, విడువబడినవాని వంశము.

నేటి నాభాగుడెవరు? దూరదేశమున చదువుకొనుచున్న కడగొట్టువాడు కావచ్చును. పెండ్లియై అత్తవారింటికి వెళ్లిన మొదటి భార్య కూతురు కావచ్చును. భర్త పోయిన పిదప పెద్దకొడుకు దయపై ఆధారపడిన సవతితల్లి కావచ్చును. తల్లి చంకనెక్కి ఆ యింట అడుగుపెట్టిన పసివాడు కావచ్చును.

స్మృతికారులు వీరిని ఎట్లు తలచిరో చూతము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర మన ప్రాంతమున చిరకాలము ప్రమాణమై యున్నది. ఆయన కల్యాణపురము నేలిన చాళుక్యప్రభువు ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. తిక్కనకు సమకాలికుడైన కేతన దీనిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు చేసెను. అనగా, పంపకమున న్యాయమేదో తెలిసికొనవలెనను కోరిక తెలుగువారికి పదమూడవ శతాబ్దమునాడే యుండెను.

దాయభాగప్రకరణమును చదువు విద్యార్థికి మొదట ఆశ్చర్యము కలిగించునది, మన ఇండ్లలోని చిక్కులన్నియు అచట ముందే చర్చింపబడి యుండుట. తండ్రి మొదటి భార్య కుమారులకు ఆస్తి పంచియిచ్చి, పిదప వివాహమాడగా మరల కుమారుడు కలిగెననుకొందము. వాని గతి ఏమి? వానికి తల్లిదండ్రుల భాగము చెందునని శాస్త్రము. తండ్రి సమభాగములు చేయునప్పుడు, స్త్రీధన మీయబడని భార్యలకును సమానభాగ మీయవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. సంతానములేని సవతితల్లులును సమానాంశమునకు అర్హులని వ్యాసస్మృతి. పెండ్లికాని సోదరికి అన్నదమ్ములు తమ తమ భాగములనుండి నాల్గవవంతు ఈయవలెనని మనువు.

సవతిబిడ్డల పంపకమున రెండు పద్ధతులు వాడుకలో నుండెడివి. తల్లులను లెక్కించి పంచుట పత్నీభాగము. బిడ్డలను లెక్కించి పంచుట పుత్రభాగము. మొదటి భార్యకు ఒక కుమారుడు, రెండవ భార్యకు నలుగురు ఉన్నారనుకొనుడు. పత్నీభాగమైనచో ఆ యొక్కనికే సగము వచ్చును. పుత్రభాగమైనచో అయిదవవంతు వచ్చును. ఇరుపక్షముల బిడ్డలు సమసంఖ్యలో నున్నప్పుడే తల్లులవారీగా పంచవచ్చునని బృహస్పతి నియమించెను. అట్లు చేసినను ఒక్కొక్క బిడ్డకు వచ్చునది తగ్గదు గదా! ఆచారము పేరు చెప్పి ఒకరి నోరు కొట్టరాదని దీని భావము.

ఇక తల్లి వెంట వచ్చిన బాలుని విషయము. భారతమున ఉద్యోగపర్వమందు శ్రీకృష్ణభగవానుడు కర్ణునితో ఏకాంతమున సంభాషించుచు, కన్యకకు బుట్టినవానికి ఆమెను పెండ్లాడినవాడే తండ్రియని శాస్త్రజ్ఞులు చెప్పుదురు గనుక, నీవు ధర్మముచేత పాండురాజు పుత్రుడవని బోధించెను. ఈ వాక్యమును ఉన్నంతవరకే గ్రహింపవలెను. అది కానీనుని గూర్చినది. పూర్వభర్తవలన కలిగిన బిడ్డ ఆ పూర్వభర్త సంతానమే యగును; వాని దాయము అచటనే యున్నది. అయినను ఆ శాస్త్రహృదయము మనకు గ్రాహ్యము. పుట్టిన బిడ్డ యెవ్వడును తండ్రిలేనివాడుగా, తావులేనివాడుగా మిగులరాదని పెద్దలు తలచిరి.

నేటి చట్టమున ఈ స్థితి ఎట్లున్నదో ఒక లెక్కచే చూపుదును. ఒక గ్రామమున ఒక రైతు స్వార్జితముగా ఇరువది ఎకరముల మాగాణి సంపాదించెననుకొందము. గతించిన మొదటి భార్యవలన ఒక కొడుకు, ఒక కూతురు. రెండవ భార్య మూడేండ్ల బాలునితో వచ్చినది. పిదప ఆమెకు ఇచట ఒక కూతురు కలిగినది. ఆ బాలుడు ఆ యింటి అన్నము తిని పెరిగి, ఇరువదియైదేండ్లు ఆ పొలమునే దున్నినాడు. రైతు వీలునామా వ్రాయకయే కాలధర్మము నొందెను. ఆయన తల్లి అంతకుముందే గతించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్యకు, కొడుకునకు, కూతుండ్రు ఇద్దరికి తలకు అయిదు ఎకరములు వచ్చును. దున్నినవానికి సెంటు భూమియు రాదు.

చిక్కు ఇంతటితో తీరలేదు. ఆ తల్లి అయిదు ఎకరములును ఆమె తదనంతరము, ఆమె ఏమియు వ్రాయనిచో, ఆమె కడుపున బుట్టిన యిద్దరికే చెందును. సవతితల్లి ఆస్తి విషయమున కుమారుడను మాటలో సవతికుమారుడు చేరడని సర్వోన్నత న్యాయస్థానము 1987లో నిర్ణయించినది. కావున మొదటి భార్య బిడ్డలు, మా తండ్రి చెమటోడ్చిన భూమి పరుల పాలగునని భయపడుదురు. వెంటవచ్చినవాడు, నా కష్టము బూడిదలో పోసిన పన్నీరాయెనని వగచును. ఇరువురి దుఃఖమును నిజమైనదే. ఇందు ఒకరిని దుర్మార్గులని నిందించి లాభములేదు. నోరు విప్పవలసినవాడు విప్పకపోయినందున, దోషములేనివారు దావాలలో ఎదురుబొదురుగా నిలిచిరి.

కుమారుడు జీవించియుండగా మరియొక కుమారుని దత్తు తీసికొనుటకు 1956 నాటి దత్తత చట్టము అంగీకరింపదు. కాని ఆ రైతుకు మార్గము లేకపోలేదు. స్వార్జితమును తన యిచ్చవచ్చినట్లు వ్రాయుటకు అతనికి అధికారము కలదు. ఇద్దరు సాక్షుల యెదుట వీలునామా వ్రాయవచ్చును. లేదా బ్రతికియుండగనే సెటిల్మెంటు దస్తావేజు రిజిస్టరు చేయింపవచ్చును. ఆ బాలునికి నాలుగు ఎకరములు ఇచ్చినచో, అయిదుగురికి తలకు నాలుగేసి ఎకరములు వచ్చును. మిగిలిన నలుగురు విడుచునది తలకు ఒక్క ఎకరమే. ఇట్లే పంచుడని నేను విధింపను; ఎవరి యింటి పరిస్థితి వారిది. ఒక కుటుంబము చీలిపోకుండుటకు పట్టు వెల ఎంతయో తెలియుటకై ఈ లెక్కను చెప్పితిని.

పిత్రార్జితమైనచో సంగతి వేరు. అందు బిడ్డలకు పుట్టుకతోడనే హక్కు కలదు. తండ్రి తన వాటాను మాత్రమే వ్రాయగలడు. కుమార్తెలకు ఈ హక్కు ఆంధ్రప్రదేశమున 1985లోనే ఈయబడినను, అంతకుముందు పెండ్లియైన వారికి అది వర్తింపలేదు. 2005 నాటి సవరణచే దేశమంతట కుమార్తెలందరికిని ఈ హక్కు కలిగినది. ఆ సవరణనాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని సర్వోన్నత న్యాయస్థానము 2020లో స్పష్టపరచినది. కావున కట్నమిచ్చి పంపితిమి, ఇక ఆమెకేమని పలుకుట చట్టమునకును, ధర్మమునకును విరుద్ధము.

మాట దాచుట ఎంతటి అనర్థమునకు మూలమో మన ఇతిహాసములు రెండును ఘోషించుచున్నవి. కైకేయిని పెండ్లాడునప్పుడు దశరథుడు ఆమె తండ్రికి రాజ్యమునే శుల్కముగా మాట యిచ్చెనని శ్రీరాముడే భరతునకు తెలిపినట్లు అయోధ్యాకాండమున నున్నది. శంతనుడు సత్యవతిని కోరినప్పుడు దాశరాజు ఆమె కడుపున బుట్టువానికే రాజ్యమడిగెను. తండ్రి పైకి చెప్పక లోలోపల కుందుచుండగా, దేవవ్రతుడు తానే వెళ్లి ఆజన్మబ్రహ్మచర్యము పూనెను. రెండవ పెండ్లినాడు ఇచ్చిన మాటయో, ఈయలేక మ్రింగిన మాటయో, పెద్దకొడుకు బ్రతుకుపై వచ్చి పడినది. అందుచేత రెండవ వివాహము చేసికొను గృహస్థుడు ఏ మాట యిచ్చెనో, ఏ మాట యీయలేదో ఇరుపక్షముల బిడ్డల యెదుట చెప్పవలెను. రహస్యముగా వ్రాసి పెట్టెలో దాచిన వీలునామా ఆస్తిని పంచునేమో గాని శాంతిని పంచదు.

మరియొక చిన్న విషయము. మొదటి యిల్లాలి నగలు ఆమె స్త్రీధనము. తల్లి స్త్రీధనము కుమార్తెలకు చెందునని స్మృతులు చెప్పుచున్నవి. వానిని రెండవ భార్య మెడలో వేయక, కూతురి పేర వేరుగా నుంచినచో, ఆ పిల్లకు తన తల్లి ఆ యింట ఇంకను ఉన్నట్లు తోచును. దీనికి దస్తావేజు అక్కరలేదు.

భక్తులకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటి కలదు. పిల్లలు కొట్లాడుకొనుచున్నారని విసిగి, భూమినంతయు దేవునికి వ్రాసివేసెదనను పెద్దలు కలరు. దానము కుటుంబమునకు బాధ కలుగని మేరకే చేయవలెనని యాజ్ఞవల్క్యుడు నియమించెను. తనవారు దుఃఖమున నుండగా పరులకిచ్చు దానము, పైకి తేనెవలె నుండి రుచికి విషమగునని మనువు హెచ్చరించెను. అన్నములేని వితంతువు కన్నీటితో తడిసిన ఎకరములను భగవంతుడు కోరడు. ముందు ఆశ్రితులకు కూడు, గూడు కల్పించి, మిగిలిన దానిలో స్వామికి సమర్పించునది తులసీదళమైనను చాలును.

పుత్రుల కర్తవ్యమును గూర్చి ఒక మాట. తల్లి కోరిన వరముచే తనకు రాజ్యము సిద్ధించియుండగా, భరతుడు అది అన్నగారిదని నిరాకరించెను. శ్రీరాముడో, తండ్రి యిచ్చినదానిని నీవే యేలుమనెను. తల్లులు వేరైన ఆ యన్నదమ్ములు నీదనగా నీదని వాదులాడిరి. మనమంతటివారము కాలేము. పంపకమునాడు కొలత పూర్తియైన పిమ్మట, రాలేనివారెవరు, అడుగలేనివారెవరు అని ఒక్క ప్రశ్న వేయుట మాత్రము మనకును సాధ్యమే. ఒకని భాగమును అపహరించినచో ఆ పాపము అపహరించినవానినో, వాని కుమారునో, మనుమనినో నాశనము చేయునను వేదవాక్యమును మితాక్షరాకారుడు ఈ ప్రకరణముననే ఉదాహరించి యున్నాడు.

సర్వము శేషియైన శ్రీమన్నారాయణునిది. మనమందరము ఆయనకు శేషభూతులము. ఈ సిద్ధాంతమును నమ్మిన శ్రీవైష్ణవ గృహస్థుడు, భూమి తనదని కాక, తన సంరక్షణలో నున్న స్వామి సొత్తని భావింపవలెను. ఆ స్వామి బిడ్డలలో తన రక్తము పంచుకొని పుట్టినవారును, తన నీడను నమ్మి వచ్చినవారును కలరు. యజమాని ఈ యిరువురిని పిలిచి, ఒక్క పంక్తిని గూర్చుండబెట్టి, తన నోటితో తన నిర్ణయమును వినిపించుగాక. అట్టి సద్బుద్ధిని, అట్టి ధైర్యమును శ్రియఃపతి మనకందరకు అనుగ్రహించుగాక.